ఆడవాళ్ల మొదటి హైదరాబాదు టూరు

టూరు డ్యూటీ అంటే మా ఆఫీసులో అందరూ తప్పించుకునేవారు. ఒకరికి నడుం నొప్పి వచ్చేది, ఇంకొకరికి మేనమామ కూతురి పెళ్లి పడేది. బొగ్గు కార్మికులను ఒక రైలు డబ్బా నిండా రామగుండం స్టేషన్లో ఎక్కించి, హైదరాబాదు చూపించి, ఎవరూ తప్పిపోకుండా, ఎవరి కడుపూ చెడకుండా తిరిగి గోదావరిఖనికి చేర్చాలి. చేరిస్తే మెచ్చుకునేవాడు లేడు. చేర్చకపోతే మాట పడక తప్పదు.

ఆ డ్యూటీని నేను అడిగి తీసుకున్నాను. అరవైల చివరి నుంచి డెబ్బైల చివరి దాకా చాలా చలికాలాలు ఆ పని చేశాను. ఇప్పుడు వెల్ఫేర్ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను కలిసినప్పుడు, "సార్, ఏమేం చూపించాలి?" అని అడుగుతుంటారు. ఏం చూపించాలో ఇప్పుడు ఎవరైనా చెబుతారు. ఎవరికి చూపిస్తున్నామో తెలుసుకోవడమే అసలు పని. నాకు అది ఎలా తెలిసిందో రాస్తాను. నా ప్రమోషన్లు, ఫైళ్ల సంగతి ఎవరికీ అక్కరలేదు.

పుస్తకాల్లో చూసిన ఊరు

నేను ఉర్దూ మీడియంలో ఏడో తరగతితో ఆగినవాణ్ణి. గనిలో మొదట దీపాల గదిలో పని దొరికింది. బాయిలోకి, అంటే గనిలోకి, దిగేవాళ్లకు దీపాలు ఇవ్వడం, ఎక్కి వచ్చినవాళ్ల దగ్గర తీసుకోవడం నా పని. షిఫ్టు మారే వేళ తప్ప మిగతా సమయం ఖాళీ. కార్మికుల క్లబ్బులో చిన్న గ్రంథాలయం ఉండేది. అక్కడే తెలుగు చదవడం నాకు నేనుగా నేర్చుకున్నాను. బీరువాలో ఎడమ చివర నుంచి మొదలుపెట్టి వరసగా చదువుతూ పోయాను. వంటల పుస్తకం వచ్చినా చదివాను, పశువైద్యం వచ్చినా చదివాను. చరిత్ర దగ్గరికి వచ్చాక అక్కడే ఆగిపోయాను. కుతుబ్‌షాహీలు, అసఫ్‌జాహీలు, మూసీ వరదలు, గోల్కొండ ముట్టడి అన్నీ చదివాను. చదివింది మరిచిపోకుండా ఎవరికో ఒకరికి చెప్పేవాణ్ణి. క్లబ్బులో క్యారమ్స్ ఆడేవాళ్లు నన్ను చూసి బోర్డు ఎత్తుకుని పక్కగదికి పోయేవారు.

కొన్నాళ్లకు నన్ను ఆ గ్రంథాలయానికే మార్చారు. అక్కణ్ణుంచి వెల్ఫేర్ ఆఫీసుకు వచ్చాను. హైదరాబాదు టూరు మాట రాగానే, "లైబ్రరీ సార్‌కు అన్నీ ఎరుకే" అని నన్ను పంపారు. నిజానికి అప్పటికి నేను హైదరాబాదు చూడలేదు. కానీ చార్మినార్ ఎత్తు, మెట్ల లెక్క నోటికి వచ్చు.

మొదటి టూరులో చార్మినార్ కింద అందరినీ నిలబెట్టి చెప్పడం మొదలుపెట్టాను. ఎండ నెత్తి మీదికి వచ్చింది. అందరూ బుద్ధిగా తలలూపుతున్నారు. కళ్లు మాత్రం ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్ మీద ఉన్నాయి. చివరికి ఒక పెద్దాయన, బాయిలో బొగ్గు నింపే పని ఆయనది, చేతులు కట్టుకుని అన్నాడు: "సార్, నువ్వు చెప్పేది మస్తుగున్నది గని, ముందుగాల చాయ తాపియ్యి. రాజులు ఏడికి పోతరు? వాళ్లు సచ్చి శాన ఏండ్లాయె."

అందరూ నవ్వారు. నాకు కోపం వచ్చింది. అయినా హోటల్లోకి తీసుకుపోయాను. చాయ సాసర్లో పోసుకుని తాగాక, ఉస్మానియా బిస్కెట్లు ముంచుకుని తిన్నాక, వాళ్లు నన్ను ఒక్క ప్రశ్న అడిగారు. చార్మినార్ ఎవరు కట్టారని కాదు. "ఈ హోటలోళ్లు పొయిల ఏ బొగ్గు ఏస్తరు సార్?"

నాకు తెలియదు. లేచి నలుగురైదుగురు వంటగదిలోకి పోయారు. యజమాని మొదట కంగారుపడ్డాడు, నేను ఉర్దూలో సంగతి చెప్పాక పోయి చూసుకోమన్నాడు. వాళ్లలో ఒకడు పొయ్యి పక్కన ఉన్న బొగ్గు పెళ్లను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, వెలుతురుకు పట్టి చూశాడు.

"మనదే."

"నీ పేరు రాసున్నదా బావా దాని మీద?"

"రాసుంటది. చూసెటోనికి కనవడ్తది."

ఆ రోజంతా వాళ్లు దాని గురించే మాట్లాడుకున్నారు. తాము తవ్వింది వ్యాగన్లలో పోవడమే తప్ప ఎక్కడికి పోతుందో వాళ్లు ఎన్నడూ చూడలేదు. తర్వాతి టూరు నుంచి నేను టాంక్‌బండ్ మీద బస్సు ఆపి, నీళ్ల అవతల బొగ్గుతో నడిచే కరెంటు కేంద్రం పొగగొట్టం చూపించేవాణ్ణి. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ గడియారం దగ్గర ఎంతసేపు నిలబడేవారో, అక్కడా అంతసేపు నిలబడేవారు. ఏ పుస్తకంలోనూ దాన్ని చూడదగిన స్థలమని రాయలేదు.

గోల్కొండ పైకప్పు

గోల్కొండలో ఇంకొకటి నేర్చుకున్నాను. పెద్ద దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీద వినిపిస్తుందని అందరికీ తెలుసు. నేను చప్పట్లు కొట్టి చూపిస్తుంటే, మావాళ్లు చప్పట్ల సంగతి వదిలేసి పైకి చూస్తున్నారు. అందరి తలలూ పైకే. ఒకాయన పక్కనే దొరికిన కట్టె తీసుకుని, గుమ్మటం వంపు కింద గోడను టకటక కొట్టి చెవి ఒగ్గి విన్నాడు. ఇంకొకాయన అడుగు జరిగి మళ్లీ కొట్టాడు.

కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. "అరే మియాఁ, క్యా తోడ్‌రైఁ?" అని అరుస్తున్నాడు. వీళ్లు కోటను పగలగొడుతున్నారని అతని భయం.

బాయిలో ఎక్కడ నిలబడాలన్నా ముందు పైకప్పును కొట్టి, మోత విని, గట్టిగా ఉందా ఊడేలా ఉందా అని చూసుకోవడం వాళ్లకు ఊపిరి లాంటిది. అది చేతికి అలవాటైన పని, ఆలోచించి చేసేది కాదు. కాపలావాడికి ఉర్దూలో అంతా చెప్పాను. అతను కాసేపు చూసి, తగ్గి, "మరి ఎట్లున్నది?" అని అడిగాడు. "మంచిగున్నది, ఫికర్ చెయ్యకు" అని కట్టె పట్టుకున్నాయన చెప్పాడు. కాపలావాడు నిజంగానే కుదుటపడ్డట్టు కనిపించాడు.

కొత్తగా వచ్చే పిల్లలకు ఒక్కటే చెబుతాను. ఎవరైనా ఏ ఊరికి పోయినా తన పనిని వెంట తీసుకుపోతాడు. దాన్ని ఊరి బయట విడిచి రమ్మని చెప్పకండి. ఆ పనిలోంచే ఊరిని చూడనివ్వండి.

ముందు గాజులు, తర్వాత కోట

కొనుగోళ్లు చివర పెట్టుకొమ్మని అందరూ చెబుతారు. ముందు కొంటే మోసుకు తిరగాలి కదా అంటారు. అది తప్పు లెక్క. ఇంట్లో చెప్పి పంపిన వస్తువు చేతికి చిక్కేదాకా మనిషి ఏదీ చూడడు. మ్యూజియంలో విగ్రహం ముందు నిలబెట్టినా కళ్లలో లాడ్‌బజార్ గాజులే తిరుగుతుంటాయి. నేను పొద్దున్నే గాజుల సందులోకి తీసుకుపోయేవాణ్ణి. బేరం చెయ్యడం రాని వాడికి తోడు ఇచ్చేవాణ్ణి. ఒక్క మాట ముందే చెప్పేవాణ్ణి: మొదటి దుకాణంలో కొనొద్దు, మూడో దుకాణం దాటి పోవద్దు. అంతకు మించి తిరిగితే ధర తగ్గదు, కాళ్లే నొస్తాయి.

తిండి విషయంలో కూడా అంతే. బిర్యానీ తినిపించాలని మనకు ఉంటుంది. కానీ రైలు ప్రయాణం చేసిన కడుపుకు పొద్దున్నే నెయ్యి, మసాలా పడవు. మావాళ్లు సద్ది తెచ్చుకునేవారు, సర్వపిండి, ఎల్లిపాయ కారం, పులిహోర. మధ్యాహ్నం ఏ తోటలోనో కూర్చుని అది తింటే సాయంత్రం బిర్యానీ రుచి తెలిసేది. ఇంటి తిండి తినడానికి సిగ్గుపడేవాళ్లను నేనే ముందు చెయ్యి చాపి అడిగేవాణ్ణి.

పోశక్క అడిగిన మాట

ఇదంతా మగవాళ్ల టూర్ల సంగతి. ఆడవాళ్లను తీసుకుపోవాలని ఆఫీసులో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

ఒకరోజు పోశక్క ఆఫీసుకు వచ్చింది. ఆమె భర్త బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. కాలనీలో నల్లా దగ్గర కొట్లాట వచ్చినా, ఎవరికైనా నొప్పులు వచ్చి దవాఖానకు పోవాల్సి వచ్చినా ముందు ఆమెనే పిలిచేవారు. ఆమె వెంట పది పన్నెండు మంది ఆడవాళ్లు వచ్చి గుమ్మం బయట నిలబడ్డారు. మా వెల్ఫేర్ ఆఫీసరు లోపల ఉన్నారు. ఆయన కోస్తా జిల్లాల నుంచి వచ్చిన మనిషి. కోపిష్టి, కానీ ఎదుటివాళ్ల మాట పూర్తిగా విన్న తర్వాతే కోపం చేసేవారు. నేను చూసిన పైఅధికారుల్లో అంతపాటి గుణం ఉన్నవాళ్లు తక్కువ.

"ఏమ్మా, ఏం కావాలి?" అన్నారు.

"మమ్ముల సుత హైదరాబాదు తీస్కపోండ్రి సార్."

"మీ ఆయన పోయాడు కదా పోయినేడు?"

"ఆయన పోతే నేను చూసినట్టయితదా సార్? మగోళ్లు భూమి లోపట చూస్తరు. భూమి మీద సుత వాళ్లే చూస్తరు. మరి మేమేం చూడాలె?"

బయట నిలబడ్డవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. ఆడవాళ్లు ఊళ్లో లేకపోతే పొద్దుటి షిఫ్టుకు పోయేవాడికి అన్నం ఎవరు వండి పెడతారు, పిల్లలను ఎవరు చూస్తారు, దారిలో ఎవరికైనా ఏమైనా అయితే ఎవరు జవాబు చెబుతారు అని ఒక్కొక్కటే అడిగారు. పోశక్క ఒక్కొక్కదానికీ జవాబు చెప్పింది. ఒక పగటికి సరిపడా వండి పెట్టి పోతాం, మర్నాడు పొద్దుటి షిఫ్టుకు ముందే తిరిగి వస్తాం అంది.

"సరే. ఒక్కసారి చూద్దాం. కానీ ముందే చెబుతున్నాను. ఒక్క మనిషి తప్పిపోయినా, ఒక్క షిఫ్టు దెబ్బతిన్నా, ఇదే మొదలు, ఇదే ఆఖరు. మళ్లీ నా దగ్గరికి రావొద్దు."

"రాము సార్" అంది పోశక్క. బయటికి వచ్చాక నాతో అంది: "ఆయన మాట ఇన్నవు గద సార్. మనం మంచిగ పోయొస్తే మా ఎనకోళ్లు పోతరు. లేకుంటే మాతోనే బందు."

ఇత్తడి బిళ్లలు

ఆడవాళ్ల టూరుకు నేను దీపాల గది పద్ధతి వాడాను. బాయిలోకి దిగే ప్రతి మనిషికి ఒక ఇత్తడి బిళ్ల ఉంటుంది. దాన్ని దీపాల గదిలో ఇచ్చి దీపం తీసుకుంటాడు, ఆ బిళ్లను బోర్డుకు తగిలిస్తారు. షిఫ్టు అయ్యాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. బోర్డు మీద బిళ్ల మిగిలి ఉంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. ఆ సంగతి బాయి దిగని ఆడవాళ్లకే ఎక్కువ తెలుసు. సైరన్ మోగినప్పుడు పిల్లలను చంకనేసుకుని పరుగెత్తుకొచ్చి వాళ్లు చూసేది ఆ బోర్డునే.

పాత బిళ్లలు కొన్ని అడిగి తెచ్చాను. బస్సు దిగేటప్పుడు ఒక్కొక్కరికి ఒక బిళ్ల, ఎక్కేటప్పుడు తిరిగి సంచిలో వెయ్యాలి. సంచి పోశక్క చేతికిచ్చాను. ఆమె దాన్ని బొడ్లో దోపుకుంది. ఎవరైనా తప్పిపోతే చార్మినార్ పక్క పోలీసు ఠాణా దగ్గరికి పోయి నిలబడాలని అందరికీ చెప్పి, ఆ చోటు చూపించాను.

పొద్దున లాడ్‌బజార్‌లో వాళ్లను చూడాలి! మగవాళ్లు కొనేటప్పుడు తప్పు చేసినట్టు కొంటారు. వీళ్లు దుకాణాన్ని కడిగినట్టు చూశారు. లక్కగాజు నిప్పు సెగకు మెత్తబడి, వంగి, అద్దం ముక్కలు అతికించుకుని గుండ్రంగా రావడం చూస్తూ నిలబడిపోయారు. లచ్చవ్వ అనే ఆమె, పెద్దగా మాట్లాడే మనిషి కాదు, ఒక దుకాణం గద్దె మీద కూర్చుని రెండు చేతులూ చాపింది. దుకాణం నడిపే ముసలి బీబీ ఒక్కొక్క గాజే ఎక్కిస్తోంది.

నేను బస్సు దగ్గరికి రమ్మని కేక వేశాను. అప్పుడు పోశక్క లచ్చవ్వ పక్కనే ఉంది. లచ్చవ్వ రెండు చేతులూ బీబీ చేతుల్లో ఉన్నాయి. "నా బిళ్ల కొంగుకు కట్టి ఉన్నది, నువ్వే ఇప్పుకొని సంచిల ఏస్కో అక్కా, నీ ఎనకనే వస్త" అంది. పోశక్క కొంగు ముడి విప్పి, బిళ్ల తీసి సంచిలో వేసుకుంది. అంతలో ఇంకెవరో బేరం తెగక పోశక్కను పిలిచారు. ఆమె అటు పోయింది. బస్సు దగ్గర సంచిలో బిళ్లలు చూసింది. అన్నీ ఉన్నాయి. బస్సు గోల్కొండకు బయలుదేరింది.

బిళ్ల ఉన్నది, మనిషి లేదు

కోట గోడ నీడలో సద్ది విప్పారు. పోశక్క అందరికీ సర్వపిండి తుంచి పంచుతోంది. చివరికి ఆమె చేతిలో ఒక ముక్క మిగిలింది.

"లచ్చవ్వ ఏది?"

పోశక్క సంచి నేల మీద కుమ్మరించింది. బిళ్లల వైపు చూసింది.

"బిళ్ల ఉన్నది సార్. మనిషి లేదు."

జరిగింది ఆమే చెప్పింది. ఒక్క మాట దాచలేదు.

సాయంత్రం సికింద్రాబాదులో మా రైలు. చార్మినార్‌కు తిరిగి పోయి వెతికితే అది అందదు. నేను ఒక ఉపాయం చెప్పాను. నేను, పోశక్క ఆటోలో పోయి వెతుకుతాం. మిగతావాళ్లు బస్సులో స్టేషన్‌కు పోయి రైలెక్కాలి. ముగ్గురమే ఆలస్యమవుతాం, షిఫ్టులు దెబ్బతినవు, ఆఫీసరు ముందు ఏదో ఒకటి చెప్పుకోవచ్చు.

ఆడవాళ్లు ఎవరూ లేవలేదు. ఒక ముసలావిడ అంది: "బాయిల మనిషి ఉండంగ షిఫ్టు ఇంటికి పోతదా సార్?"

"రైలు తప్పితే టూరే బందయితదమ్మా. మళ్లీ మీకు ఇయ్యరు" అన్నాను.

అందరూ పోశక్క వైపు చూశారు. ఆ టూరు కోసం గడపగడపా తిరిగింది ఆమె. ఆఫీసరు ముందు నిలబడి అడిగింది ఆమె. ఏది పోతుందో అక్కడ అందరికంటే ఆమెకే బాగా తెలుసు. బిళ్లలు ఏరి సంచిలో వేసుకుంది. మూట కట్టింది. డ్రైవర్ దగ్గరికి నడిచింది.

"బండి మలుపు అన్నా."

చార్మినార్ దగ్గర ఠాణాకు పోయాను. అటువంటి మనిషి ఎవరూ రాలేదన్నారు. మక్కామసీదు ముందు, హోటళ్ల ముందు అడగడం మొదలుపెట్టాను. పోశక్క నా చెయ్యి పట్టి ఆపింది.

"సార్, నువ్వు దీపాల గదిల పనిచేసినోడివే గద. బాయిల దీపం ఆరితే మనిషి ఏం చేస్తడు?"

నాకప్పుడు తట్టింది. చీకట్లో దీపం ఆరిపోతే అడుగు కదపొద్దు. ఉన్నచోటే కూర్చోవాలి. వెతికేవాళ్లు అక్కడికే వస్తారు. బాయిలో కొత్తవాళ్లకు మొదటి రోజు నేర్పే మాట అది. ఇళ్లల్లో భర్తలు చెప్పగా భార్యలకూ తెలిసిన మాట.

గాజుల సందులోకి పోయాం. సందంతా ఒకే తీరు దుకాణాలు. సగం దూరం పోయేసరికి లచ్చవ్వ కనిపించింది. పొద్దున కూర్చున్న గద్దె మీదే, పొద్దున కూర్చున్నట్టే, మోచేతుల దాకా గాజులతో కూర్చుని ఉంది. పక్కన రోటీ, దాల్చా తిన్న పళ్లెం ఉంది.

ముసలి బీబీ నన్ను చూసి రెండు చేతులూ ఎత్తింది. "యే ఔరత్ నై, పహాడ్ హై బాబా! హిల్తీచ్ నై." మనిషి కాదు, కొండ, కదలదు అని ఆమె గోల. ఠాణాకు పోదాం రమ్మని తనే ఎంత చెప్పినా కదల్లేదట.

"నేనెందుకు కదుల్త? ఉన్నకాడ ఉంటేనే గద దొరికేది" అంది లచ్చవ్వ.

పోశక్క కొట్టడానికి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అట్లాగే ఆమె భుజం మీద పడింది. ఏడ్చేసింది.

"మేం వస్తమని ఎట్ల ఎరుకనే నీకు? రైలుకు పోతే ఏం చేస్తుంటివి?"

"ఎట్ల పోతరు? సంచి నీ దగ్గరనే ఉండె గదనే" అంది లచ్చవ్వ. ఆ తర్వాత చేతులు ముందుకు చాపి, "ఏడుస్తవేందే, గాజులు చూడు" అంది.

బస్సు దాకా నడుస్తున్నంతసేపూ పోశక్క ఆమె చెయ్యి వదల్లేదు. మేం సికింద్రాబాదు చేరేసరికి రైలు పోయింది. స్టేషన్ నుంచి ఫోన్ చేయించి, అందరం క్షేమం, ఆలస్యంగా వస్తాం అని ఆఫీసుకు కబురు పంపాను. తర్వాతి బండిలో రామగుండం చేరేసరికి పొద్దుటి షిఫ్టు ఎప్పుడో దిగిపోయింది.

గంజి

ఆఫీసరు మర్నాడు మమ్మల్ని పిలిచారు. నేను, పోశక్క, లచ్చవ్వ, ఆమె భర్త కొమురయ్య. గుమ్మం బయట కాలనీ సగం నిలబడి ఉంది.

"ముందే చెప్పాను కదా. చాలామంది తిండి లేకుండా డ్యూటీకి వచ్చారు. కొందరు పిల్లలను వదల్లేక రానేలేదు. గని వాళ్లు నన్ను అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"

పోశక్క ముందుకు వచ్చింది. "తప్పు నాది సార్. సంచి నా చేతుల ఉండె. మనిషిని చూడక బిళ్లను చూసిన. నన్ను ఆపుండ్రి, టూరును ఆపకుండ్రి. వచ్చేయేడు నేను పోను. వాళ్లను పంపుండ్రి."

కొమురయ్య అందుకున్నాడు. అతను మొదటి నుంచీ కుడి చెయ్యి వీపు వెనక పెట్టుకుని నిలబడ్డాడు. "మాకేం తిప్పలు కాలే సార్. బువ్వ మేమే వండుకున్నం, తిన్నం, డ్యూటీకి పోయినం. ఎవలు చెప్పిండ్రో మీకు, అబద్ధం."

"చెయ్యి ఎందుకు దాచావు? చూపించు."

మణికట్టు దాకా గుడ్డ చుట్టి ఉంది.

"ఏమైంది?"

"బాయిల దెబ్బ తాకింది సార్."

"గనిలో దెబ్బ తగిలితే రిపోర్టు నా దగ్గరికి రావాలి. రాలేదే?"

కొమురయ్య చెయ్యి మళ్లీ వెనక్కి పెట్టుకున్నాడు. బయట ఎవరో కిసుక్కుమన్నారు. లచ్చవ్వ గాజులు గలగలమనేలా కొంగు సర్దుకుంది.

"గంజి వంపబోయి కాల్చుకున్నడు సార్. పెండ్లయిన కాన్నుంచి రోజూ నేను వంపుతున్న. నా చెయ్యి ఎన్నిసార్లు కాలిందో, ఏ ఆఫీసుల అడగలే."

ఆఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "దవాఖానకు పోయి మందు పెట్టించుకో" అని కొమురయ్యతో అన్నారు. "ఇక పోండి" అని మాతో అన్నారు. టూరు ఉంటుందో ఉండదో చెప్పలేదు.

ఆ ఏడాదంతా పోశక్క నన్ను ఎప్పుడు కలిసినా ఒకటే అడిగేది: "ఏమన్న చెప్పిండా సార్?" నేను అడగడానికి రెండుసార్లు లోపలికి పోయి, వేరే మాట మాట్లాడి వచ్చేశాను. పైవాళ్లు ఆలోచిస్తున్నప్పుడు తొందరపెడితే కాదనడమే వాళ్లకు సులువు. ఇది కూడా ఈ పనిలో నేర్చుకున్నదే.

మళ్లీ చలికాలం వచ్చింది. ఒకరోజు ఆఫీసరు పిలిచి, "ఆడవాళ్ల టూరు ఎప్పుడు పెడుతున్నావయ్యా?" అన్నారు, ఏటా జరిగే పని ఏదో మరిచిపోయానన్నట్టు. "ఆ పోశక్కకే పెద్దరికం ఇవ్వు. మనుషులను విడిచి రాదు."

కాలనీకి పరుగున పోయి చెప్పాను. పోశక్క సంతోషంతో అరిచినంత పని చేసింది. ఆ తర్వాత, "నేను రాను గద సార్" అంది.

"ఆఫీసరే రమ్మన్నారు. నువ్వన్న మాట ఆయన ఎప్పుడో మరిచిపోయారు."

"ఆయన మర్సిపోయిండేమో. అన్నది నేను. నేనెట్ల మరుస్త?"

ఎంత చెప్పినా వినలేదు. బయలుదేరిన రోజు స్టేషన్‌కు మాత్రం వచ్చింది. కొత్తగా పోతున్న ఆడవాళ్ల పిల్లలందరూ ఆమె చుట్టూ ఉన్నారు. రెండు పొద్దులు వాళ్లందరికీ వండి పెట్టేది ఆమే. మగవాళ్ల సద్ది డబ్బాలు కూడా తన ఇంటికే తెమ్మని చెప్పింది, ఈసారి ఎవరి చెయ్యీ కాలకుండా. రైలు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి, "గోల్కొండల పైదాకా ఎక్కుండ్రి. మేం ఎక్కలే. పైకెళ్లి ఏం కనవడ్తదో వచ్చినంక నాకు చెప్పుండ్రి" అంది.

డబ్బాలోని ఆడవాళ్లు అందరూ ఒక్కసారే ఏదో చెబుతున్నారు. ఆమెకు వినపడలేదు. పిల్లల్లో ఒకడు పట్టాల వైపు పరుగెత్తాడు. పోశక్క వాణ్ణి చొక్కా పట్టి వెనక్కి లాగి, "ఏడికి రా? ఇటు నడువు, బువ్వకు ఆలస్యమైతది" అని తిడుతూ, మిగతావాళ్లను ముందుకు తోలుకుంటూ స్టేషన్ మెట్లు దిగిపోయింది.